‘మీతో మాకు సంబంధం లేదు’ అని రాసి సంతకం పెట్టమంటున్నారు

నల్లగొండ జిల్లా నుంచి ఒక చెల్లె ఆరు పేజీల ఉత్తరం రాసింది. పేరు, ఊరు వెయ్యొద్దని కోరింది. సారాంశం ఇది.

ఆమెకు 36 ఏళ్లు. ఇంటర్ దాకా చదివింది. పెళ్లయిన కొత్తలో ఇంటి దగ్గర బ్లౌజులు కుట్టేది. 2019లో మూడు మిషన్లతో మొదలుపెట్టి, ముద్రా లోను, సంఘం అప్పు కలిపి ఇప్పుడు 24 మిషన్ల యూనిట్ నడుపుతోంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి 27 మంది ఆడవాళ్లు ఆటోల్లో వచ్చి పనిచేస్తారు. యూనిట్ ఒక ఎరువుల దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉంది. మూడేళ్లుగా వాళ్లు కుట్టేవి ట్రాక్ ప్యాంట్లు. హైదరాబాద్ పక్కనున్న ఒక ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీ బట్టను కటింగ్ చేసి బండిల్స్ పంపుతుంది. వీళ్లు కుట్టి పంపిస్తారు. పీసుకు 38 రూపాయలు, రోజుకు 320 పీసులు. వాటి మీద పడేది లోకమంతా తెలిసిన ఒక స్పోర్ట్స్ కంపెనీ గుర్తు. మొదటిసారి ఆ గుర్తున్న ప్యాంటు చేతిలోకి వచ్చినప్పుడు ఫోటో తీసి అమ్మకు పంపానని రాసింది.

ఈ పని ఇప్పించింది ఆమె భర్త పెద్దమ్మ కొడుకు. ఆ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజర్. ఆమెకు బావ వరస. మొదట్లో బిల్లులు నెలకు వచ్చేవి, తర్వాత రెండు నెలలు, ఇప్పుడు 5 లక్షల 40 వేలు ఆగిపోయాయి. పైగా మాల్ ఆలస్యమైందని బిల్లులోంచి 86 వేలు కోస్తూ డెబిట్ నోట్ వేశారు. బట్ట తొమ్మిది రోజులు ఆలస్యంగా పంపింది వాళ్లే.

ఈ నెల 20న స్పోర్ట్స్ కంపెనీ తరఫున ఫ్యాక్టరీలో ఆడిట్, అంటే తనిఖీ ఉందట. పోయిన వారం రాత్రి పదకొండు గంటలకు డీసీఎం వ్యాను వచ్చి, కుట్టినవీ కుట్టనివీ అన్నీ టార్పాలిన్ కప్పి తీసుకెళ్లింది. మర్నాడు బావ ఒక కాగితం పంపాడు. ‘మా యూనిట్‌కు మీ ఫ్యాక్టరీతో ఎటువంటి వ్యాపార సంబంధం లేదు, గతంలోనూ లేదు’ అని టైపు చేసి ఉంది. దాన్ని మీ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి పంపండి, దసరా తర్వాత బాకీ మొత్తం ఇప్పిస్తా, కొత్త సీజన్‌కు డబుల్ ఆర్డర్ ఇస్తా, ఇంకో 15 మిషన్లు పెట్టుకోండి అన్నాడు. మిషన్లకు 12 లక్షలు కావాలి. అత్తమ్మ పేరున ఉన్న ఎకరంన్నర తాకట్టు పెడదామని భర్త అంటున్నాడు. ‘సంతకమే కదా, పెట్టెయ్. ఇంటోడి మీద కంప్లైంట్ ఇస్తవా?’ అని కోపం చేస్తున్నాడు. ఆమెకేమో ఆడిటర్‌కు అంతా చెప్పేయాలని ఒకసారి, సప్పుడు చేయకుండా ఊరుకోవాలని ఒకసారి అనిపిస్తోంది. రాత్రిళ్లు నిద్ర లేదు. ‘అక్కా, నేను చేసేది తప్పు పనా? దొంగపనా? ఏం చెయ్యమంటారు?’ అని అడిగింది.

చెల్లే,

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వనే అంటాను.

నువ్వు అడగని సంగతి ముందు చెబుతాను. నాలుగో పేజీలో మాటల మధ్య ‘డీసీఎం వచ్చిన రోజు మెట్ల మీద కార్టన్లు ఉండి, మనుషులు దిగడానికి గంట పట్టింది’ అని రాశావు. మీ హాలుకు ఉన్నది ఆ ఒక్క మెట్ల దారే. కింద ఎరువుల దుకాణం. పైన పాలిస్టర్ బట్ట, దారం, పాలిథిన్ సంచులు, 27 మంది మనుషులు. 2012 సెప్టెంబర్‌లో కరాచీలో ఒక బట్టల ఫ్యాక్టరీ తగలబడితే 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, బయటికి పోయే దారులు మూసి ఉండటం వల్ల లోపలి వాళ్లు లోపలే ఉండిపోయారు. ఈ ఉత్తరం చదవడం ఆపి ఇప్పుడే ఆ మెట్లు ఖాళీ చేయించు. ఒక్క కార్టన్ కూడా ఉండొద్దు. కిటికీల్లో ఒకదాని ఊచలు కోయించి తలుపు పెట్టించి, బయటికి ఇనుప నిచ్చెన వేయించు. ఇంటి ఓనర్ ఒప్పుకోకపోతే ఇల్లు మారడం గురించి ఆలోచించు. ఆడిట్ ఉన్నా లేకపోయినా, ఆర్డర్ ఉన్నా పోయినా చేయాల్సిన పని ఇది.

ఇక కాగితం సంగతి. దాని మీద సంతకం పెట్టొద్దు.

మిగతా విషయాలన్నిటిలో నీకు దారులు చూపిస్తాను, ఎంచుకోవడం నీ ఇష్టం. దీంట్లో మాత్రం నా మాట గట్టిగానే ఉంటుంది, ఎందుకో విను. నీకు రావాల్సిన 5 లక్షల 40 వేలు అంటే 14 వేల పైచిలుకు ప్యాంట్లు. మీ లెక్క ప్రకారం 44 రోజుల పని, 27 మందిది. ‘మీతో మాకు ఏ సంబంధమూ లేదు, గతంలోనూ లేదు’ అని నీ చేత్తో రాసిస్తే, రేపు ఆ డబ్బు అడిగే రోజున వాళ్లు చూపించేది ఆ కాగితమే. బావ చెడ్డవాడని నేననను. అతను నీకు పని ఇప్పించిన మాట నిజం. కానీ ఆ కాగితం ఫైల్లో ఉంటుంది, బావ ఎల్లకాలం ఆ ఫ్యాక్టరీలో ఉండడు. రేపు అతని కుర్చీలో కూర్చునే మనిషికి నువ్వెవరో తెలియదు, ఆ కాగితం మాత్రం తెలుస్తుంది.

దానికి బదులు ఈ వారంలో కూర్చుని ఒక పని చెయ్యి. బండిల్స్ వచ్చినప్పటి చలాన్లు, మాల్ వెనక్కి పోయినప్పటి చలాన్లు, బ్యాంకులో పడిన పాత పేమెంట్లు, వాట్సాప్‌లో బావ పంపిన మెసేజ్‌లు, విరిగిన సూదుల రిజిస్టర్, అన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టు. వాట్సాప్‌వి ప్రింట్ తీయించు, ఫోన్ పోతే పోతాయి. సూదుల రిజిస్టర్ ఎందుకని అనుకోకు. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, తేదీ, మిషన్ నంబర్, ఏ స్టైల్ (మోడల్) మీద విరిగిందో రాసి టేపుతో పేజీకి అంటిస్తారు కదా. మూడేళ్ల రిజిస్టర్లో ఆ కంపెనీ స్టైల్ నంబర్లు వరసగా ఉంటాయి. అంతకంటే సాక్ష్యం ఏముంటుంది? బట్ట ఏ తేదీకి పంపుతామన్నారో, ఏ తేదీకి వచ్చిందో చూపించే చలాన్ దొరికితే ఆ 86 వేల డెబిట్ నోట్‌కు జవాబు దొరికినట్టే. అది వారం రోజుల కూలి, ఊరికే వదులుకోకు.

ముద్రా లోను కోసం 2022లో ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా సర్కారు దగ్గర నమోదు, చేయించానని రాశావు. ఇది చాలా మంచి సంగతి, నువ్వు దాన్ని ఒక వాక్యంలో దాటేశావు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం నీలాంటి చిన్న యూనిట్ పని చేసి ఇచ్చాక, మాట రాసుకోకపోతే 15 రోజుల్లో, రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. కుట్టుకూలి కూడా దీని కిందికి వస్తుంది. సరుకు ఇవ్వకముందే రిజిస్ట్రేషన్ ఉండటం వల్ల నీ వాదనకు బలం ఎక్కువ. 2017లో సమాధాన్ అని ఆన్‌లైన్ పోర్టల్ పెట్టారు. ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు చేస్తే, ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళ్తుంది. ముందు రాజీ కుదిర్చి చూస్తారు, కుదరకపోతే విచారణ. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నిజంగా ఇంకా ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధంగా ఉండు. కానీ తీర్పు నీ వైపు వస్తే, దాని మీద కోర్టుకు పోవాలంటే ఫ్యాక్టరీ ముందుగా ఆ సొమ్ములో 75 శాతం కట్టాలి. అందుకే చాలా కంపెనీలు కౌన్సిల్ నోటీసు రాగానే మాటలకు వస్తాయి. నల్లగొండలో జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడిగితే ఎలా వేయాలో చెబుతారు.

ఫిర్యాదు దాకా పోకముందు ఇంకో మెట్టుంది. ఆదాయపు పన్ను చట్టంలో ఒక నిబంధన తెచ్చారు. చిన్న యూనిట్లకు గడువులోగా డబ్బు ఇవ్వకపోతే, ఆ ఖర్చును పెద్ద కంపెనీ ఆ ఏడాది లెక్కల్లో చూపించుకోలేదు, ఇచ్చిన ఏడాదే చూపించుకోవాలి. అంటే నీ బాకీ ఆపితే వాళ్లకు పన్ను పెరుగుతుంది. బావకు ఇది తెలియకపోవచ్చు, వాళ్ల అకౌంట్స్ వాళ్లకు బాగా తెలుసు. నీ ఉద్యమ్ సర్టిఫికెట్ కాపీ జతచేసి, ఏ బిల్లు ఎన్ని రోజులుగా ఆగిందో రాసి, అకౌంట్స్ విభాగానికి మర్యాదగా ఒక ఉత్తరం పంపు. కోపం మాటలు వద్దు, తేదీలూ అంకెలూ చాలు.

ఇప్పుడు ‘నేను చేసేది దొంగపనా’ అన్నావు చూడు, దాని దగ్గరికి వస్తాను. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ మాటే.

గద్వాల వైపు సీడ్ పత్తి వేసే రైతులు మీకు చుట్టాలుంటే అడిగి చూడు. విత్తనం కంపెనీ ఎక్కడో ఉంటుంది, మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు, రైతుకు తెలిసింది ఆర్గనైజర్ ఒక్కడే. అడ్వాన్సు అతనే ఇస్తాడు, విత్తనం పరీక్షలో ఫెయిలయిందనీ అతనే చెబుతాడు. కంపెనీ పుస్తకంలో రైతు పేరు ఉందో లేదో రైతుకు తెలియదు. స్పోర్ట్స్ బట్టల వ్యాపారం కూడా అలాగే నడుస్తుంది, కాకపోతే దేశాలు దాటి. పేరున్న కంపెనీలు చాలావరకు సొంతంగా కుట్టవు. డిజైన్, ప్రచారం వాళ్లవి. బట్ట ఒక దేశంలో నేయిస్తారు, జిప్పు ఇంకోచోట, కుట్టు మరోచోట. కుట్టే ఫ్యాక్టరీతో ధర, తేదీ ముందే రాసుకుంటారు. ఆ తేదీకి మాల్ ఓడ ఎక్కకపోతే విమానంలో పంపమంటారు. విమానం ఖర్చు ఓడకు ఎన్నో రెట్లు, అది చాలాసార్లు ఫ్యాక్టరీ నెత్తినే పడుతుంది. అందుకని, చేతినిండా పని ఉన్నప్పుడు ఫ్యాక్టరీ సగం మాల్ బయట కుట్టిస్తుంది. కంపెనీ రూల్ ప్రకారం బయటి యూనిట్‌ను ముందే చూపించి అనుమతి తీసుకోవాలి. చూపిస్తే వాళ్లు వచ్చి నీ మెట్లు చూస్తారు, జీతాల రిజిస్టర్ చూస్తారు, ఆ ఖర్చంతా పీసుకు 38 రూపాయల్లో ఇమడదు. అందుకే చూపించరు.

అనుమతి తీసుకోకపోవడం ఫ్యాక్టరీ తప్పు. నీకు ఇచ్చిన పని నువ్వు చేశావు, చలాన్ మీద చేశావు. దాన్ని దొంగపని అనడానికి వీల్లేదు.

నేను ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మాది వనపర్తి వైపు. బెంగళూరులో ఒక ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు ప్రొడక్షన్ ప్లానింగ్ చేశాను. ఒక సీజన్లో ఎలాస్టిక్ ఆలస్యంగా వచ్చి, మొత్తం ప్లాన్ పది రోజులు వెనక్కి పోయింది. నాలుగు వేల జాకెట్లు బయట ఒక చిన్న యూనిట్‌కు ఇచ్చాం. ఫోన్ చేసి ఒప్పించింది నేనే. ఆడిట్ ముందు రోజు రాత్రి ఆ మాల్ వెనక్కి తెప్పించిందీ నేనే. ఆ యూనిట్ నడిపే ఆవిడ బిల్లులో మూడో వంతు డెబిట్ నోట్లకే పోయింది. మూడుసార్లు గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఒక్కసారి కూడా నేను కిందికి దిగలేదు. ఆ ఆవిడ చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉండేది, అది ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. నీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాస్తున్నది అందుకే కూడా.

ఆడిటర్‌కు చెప్పాలా వద్దా అన్నది నీకున్న పెద్ద ప్రశ్న. రెండు వైపులా ఏం జరుగుతుందో చెబుతాను.

చెబితే ఏమవుతుందో ఊహించక్కర్లేదు, సియాల్‌కోట్‌లో జరిగిన కథ ఉంది. పాకిస్తాన్‌లోని ఆ ఊళ్లో ఫుట్‌బాళ్లు చేత్తో కుట్టేవాళ్లు, ఎక్కువగా ఇళ్లల్లో. 1996లో లైఫ్ పత్రికలో ఒక పిల్లవాడు నైకీ గుర్తున్న బంతి కుడుతున్న ఫోటో వచ్చింది. లోకమంతా గోల. 1997లో అక్కడి వ్యాపారులు, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి అట్లాంటాలో ఒప్పందం చేసుకున్నారు. బంతులు ఇళ్లల్లో కాకుండా, తనిఖీకి వీలుండే కేంద్రాల్లో కుట్టాలని. పిల్లలకు అది మేలే. కానీ ఇల్లు దాటి కేంద్రానికి పోలేని ఆడవాళ్లు ఎందరికో ఆ పని పోయింది. 2006 నవంబర్‌లో, అక్కడి పెద్ద సరఫరాదారు చెప్పకుండా ఇళ్లల్లో కుట్టిస్తున్నాడని తేలి నైకీ అతనికి ఆర్డర్లు ఆపేసింది. తప్పు యజమానిది, పని పోయింది వేలమందికి. మరుసటి ఏడాది ఇంకో ఫ్యాక్టరీతో మళ్లీ మొదలుపెట్టింది, ఉద్యోగుల జాబితాలో ఉన్న మనుషులే ఫ్యాక్టరీ లోపలే కుట్టాలన్న షరతుతో.

కాబట్టి చెబితే ఆ కంపెనీ ఫ్యాక్టరీని నిలదీస్తుంది. నీ బాకీ ఇప్పించమని ఒత్తిడి తేవచ్చు, కొన్ని కంపెనీలు అలా చేస్తాయి. లేదా ఆర్డర్లు తగ్గించి చేతులు దులుపుకోవచ్చు. అప్పుడు నీ 27 మందికే కాదు, ఆ ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లకూ దెబ్బ. బావ ఉద్యోగం ఉండదు. ఇవన్నీ తెలిసి కూడా చెప్పాలనుకుంటే చెప్పు, అది నీ హక్కు. కంపెనీల వెబ్‌సైట్లలో ఫిర్యాదుకు దారి ఉంటుంది, పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు. కానీ నీ విషయంలో పేరు దాగదు, ఆ స్టైల్ కుట్టిన బయటి యూనిట్ నీదొక్కటే అయితే ఎవరు చెప్పారో అందరికీ తెలిసిపోతుంది. బాకీ వసూలుకు చట్టం దారి తెరిచి ఉంది కాబట్టి, నేనైతే ఆ దారి నడిచి చూసి, అది మూసుకుపోయాకే దీని గురించి ఆలోచిస్తాను.

చెప్పకపోతే? ఈ ఆడిట్ గడిచిపోతుంది, నీకు మనశ్శాంతి మాత్రం రాదు. ఆరు నెలలకు ఇంకో ఆడిట్ వస్తుంది, మళ్లీ రాత్రి పూట డీసీఎం.

నువ్వుగా వెళ్లి చెప్పకపోవడం వేరు, ఎదురుగా వచ్చి అడిగినప్పుడు అబద్ధమాడటం వేరు. ఒకవేళ ఆడిటర్ మీ గుమ్మంలోకే వచ్చి అడిగితే ‘స్కూల్ యూనిఫాంలు కుడతాం’ అని బావ నేర్పిన మాట చెప్పకు. నీ దగ్గర పనిచేసే అమ్మాయిలతో అసలే చెప్పించకు. ఈ ముక్క బావకు ముందే చెప్పేయి.

ఎలా చెప్పాలో కూడా రాస్తాను. ఫోన్లో వద్దు, ఇంటికి పిలువు. మీ ఆయన ఉండగా, అత్తమ్మ ఉండగా మాట్లాడు. ‘బావా, నువ్వు మాకు పని ఇప్పించినవు, ఆ మేలు మరువం. నీ మీద ఎవరికీ చెప్పను. కానీ ఈ కాగితం మీద సంతకం పెడితే మా డబ్బులు పోతయి, అందుకే పెట్టను. బిల్లులు ఎప్పుడిస్తరో మీ ఫ్యాక్టరీ మెయిల్ నుంచి తేదీలు రాసి పంపియ్యి’ అను. నిజంగా నీ మంచి కోరేవాడైతే ఆ మెయిల్ పంపడం అతనికి కష్టం కాదు. పంపలేను అన్నాడంటే, దసరా తర్వాత ఇస్తానన్న మాట ఫ్యాక్టరీది కాదు, అతనొక్కడిదే అని అర్థం. అప్పుడు మీ ఆయనకూ అసలు సంగతి కళ్లకు కనిపిస్తుంది. మీ ఆయన కోపంలో చుట్టరికం పోతుందన్న భయం కూడా ఉంది. దాన్ని తీసిపారేయకు. ఫిర్యాదుకీ, సంతకం పెట్టకపోవడానికీ తేడా ఉందని అతనికి నెమ్మదిగా చెప్పు.

15 మిషన్లు, 12 లక్షలు, ఎకరంన్నర. దీని గురించి ఎక్కువ చెప్పాలి.

బండి తోలేవాళ్ల చేతిలో చెర్నకోల చూశావు కదా. పిడికిలి జానెడు కదిలితే కొస బారెడు ఎగిరి టప్పుమంటుంది. 1961లోనే అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ జే ఫారెస్టర్, దుకాణంలో గిరాకీ కాస్త మారితే వెనక ఫ్యాక్టరీ దగ్గర ఆర్డర్లు ఎంత ఊగిపోతాయో లెక్కవేసి చూపించాడు. తర్వాత దానికి చెర్నకోల పేరే వచ్చింది. దగ్గర్లో జరిగిందే చూడు. 2021లో కరోనాతో దక్షిణ వియత్నాంలో ఫ్యాక్టరీలు నెలల తరబడి మూతపడ్డాయి. నైకీ బూట్లలో సగం దాకా తయారయ్యేది ఆ దేశంలోనే. మాల్ రాదేమోనన్న భయంతో కంపెనీలు ముందుగా, ఎక్కువగా ఆర్డర్లు పెట్టాయి. ఆ తర్వాత ఓడలు దారిలో పడ్డాయి. ఆలస్యమైన పాత సీజన్ మాల్, ముందే వచ్చిన కొత్త సీజన్ మాల్ ఒకేసారి గోదాముల్లోకి చేరాయి. 2022 ఆగస్టు ఆఖరుకు నైకీ దగ్గర 970 కోట్ల డాలర్ల సరుకు పేరుకుపోయింది, అంతకు ముందు ఏడాది కంటే 44 శాతం ఎక్కువ. ఇంత సరుకు గోదాంలో ఉంటే కొత్త ఆర్డర్ ఎందుకు పెడతారు? పిడికిలి ఆగింది. కొసన ఉన్న చిన్న యూనిట్లకు పని లేకుండా పోయింది. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు కూడా ఇదే తంతు. బట్టల ఎగుమతులకు పేరున్న తిరుప్పూర్‌లో పెద్దవాళ్లే ఉక్కిరిబిక్కిరయ్యారు.

నువ్వు ఉన్నది ఆ కొసన, అదీ ఎవరికీ కనపడని కొసన. పెద్ద ఫ్యాక్టరీకి ఆర్డర్ తగ్గితే ముందు తన లైన్లు నింపుకుంటుంది, మిగిలితే నీకు. ‘డబుల్ ఆర్డర్’ అన్న మాటకు కాగితం లేదు, కానీ తాకట్టుకు కాగితం ఉంటుంది. బ్యాంకు కిస్తీ నెలనెలా వస్తుంది, ఆర్డర్ రాదు. పాత బాకీ తీర్చని వాళ్ల మాట మీద కొత్త అప్పు చేయడం నాకైతే మింగుడు పడటం లేదు. పాత బాకీ పూర్తిగా చేతికొచ్చి, కనీసం ఆరు నెలల పనికి రాతపూర్వక ఆర్డర్ ఇస్తే, అప్పుడు కూడా భూమి జోలికి పోకుండా నాలుగైదు మిషన్లు వాయిదాల్లో కొనుక్కో. మెషీన్ అమ్ముకుంటే సగమైనా వస్తుంది, భూమి పోతే రాదు.

ఇక చాటు నుంచి బయటికి వచ్చే సంగతి. దీనికి రెండు దారులున్నాయి, రెండూ ఒకేసారి నడవొచ్చు.

ఒకటి, నీ యూనిట్‌ను అనుమతి ఉన్న సబ్ కాంట్రాక్టర్‌గా ఆ కంపెనీకి చూపించమని ఫ్యాక్టరీని అడగడం. ఈ ఆడిట్ అయ్యాక, బాకీ తేలాక అడుగు. ఒప్పుకుంటే నీ పేరు లెక్కలోకి వస్తుంది. తనకు కుట్టే ఫ్యాక్టరీల జాబితాను నైకీ 2005లోనే బయటపెట్టింది, తర్వాత చాలా కంపెనీలు పెట్టాయి. ఓపెన్ సప్లై హబ్ అనే వెబ్‌సైట్లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. మీ అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోందన్నావు కదా, ఆ పెద్ద ఫ్యాక్టరీ పేరు కొట్టి చూడమను. వాళ్లు ఎవరెవరికి కుడుతున్నారో తెలిస్తే నీకు మాట్లాడే ధైర్యం వస్తుంది.

కానీ లెక్కలోకి రావాలంటే నీ ఇల్లు కూడా సరిగా ఉండాలి, చెల్లే. 10 మంది, ఆపైన ఉంటే ఈఎస్‌ఐ, 20 మంది, ఆపైన ఉంటే పీఎఫ్ కట్టాలి. నీ దగ్గర 27 మంది ఉన్నారు, రెండూ లేవు. పీస్ రేటు మీద ఇస్తున్న కూలి కనీస వేతనానికి తగ్గకుండా పడుతోందో లేదో లేబర్ ఆఫీసులో అడిగి సరిచూసుకో. ఫ్యాక్టరీ నిన్ను ఎట్లా చాటున పెట్టిందో, నువ్వు ఆ 27 మందిని అట్లాగే చాటున పెట్టావు. కావాలని చేయలేదని నాకు తెలుసు, 38 రూపాయల్లో మిగలదు. అందుకే రేటు మాట్లాడేటప్పుడు ఈఎస్‌ఐ, పీఎఫ్ కలిపి లెక్కవేసి అడుగు. ఇవ్వలేమంటే, ఆ పని ఆ రేటుకు చేయదగ్గది కాదని తెలుసుకో.

రెండోది, పక్క పని. సర్కారు బడి యూనిఫాంలు మహిళా సంఘాలతో కుట్టిస్తున్నారు, నువ్వు సంఘంలో ఉన్నావు కాబట్టి మండల సమాఖ్యలో అడుగు. గురుకులాలు, ప్రైవేటు స్కూళ్లు ట్రాక్ సూట్లు తీసుకుంటాయి. కబడ్డీ, వాలీబాల్ టోర్నీలకు ఊరి పేరు ముద్రించిన జెర్సీలు అడగని ఊరు లేదిప్పుడు. హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటున్నారు. నీ మిషన్లు అవే, చేతులు అవే. లాభం ఎక్కువ ఉంటుందని చెప్పను, సర్కారు బిల్లు కూడా ఆలస్యమవుతుంది, జెర్సీల పని సీజన్లోనే ఉంటుంది. కానీ సగానికి మించి పని ఒక్కరి దగ్గరే లేకుండా చూసుకుంటే, ఎవరైనా కాగితం పంపి సంతకం పెట్టమన్నప్పుడు నీ చెయ్యి వణకదు.

చివరగా ఆ 27 మంది. ఉత్తరంలో వాళ్ల గురించి చాలా రాశావు, కానీ వాళ్లకు ఏం చెప్పావో రాయలేదు. రాత్రికి రాత్రి మాల్ పోయింది, వాళ్లు చూశారు. ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటూ ఉంటారు. బతుకమ్మ మొదలయ్యేలోపు అందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఫ్యాక్టరీ నుంచి ఇంత రావాలి, దసరాకు ఎవరికి ఎంత ఇవ్వగలను, మిగిలింది ఏ తేదీకి ఇస్తాను అని. అంకెలు పేరుపేరునా ఒక నోట్‌బుక్‌లో రాసి, కింద నువ్వు సంతకం పెట్టు.